నల్లరంగు పూసిన స్టీరింగ్ బాక్స్

దీపం ఆర్పి మళ్ళీ వెలిగించాను. ఇంట్లో ఒకరు ముసుగు బిగించి అటు తిరిగారు. అలవాటైన సంగతే.

పొద్దున ఒకాయన పెట్టిన ఆ ఒక్క ఫొటో అప్పటినుంచీ సలుపుతోంది. చక్రం తిప్పుడును టైర్లకు అందించే గేర్ల పెట్టె, అదే స్టీరింగ్ బాక్స్, పైనించి తీసింది, నిగనిగలాడే నల్లరంగు. నంబరు ఉండాల్సిన చోట రంగు పేరుకుపోయి బుడిపెలా ఉంది. కింద ప్రశ్న: "ఇది ఏ బండిదండీ?" అంతే! షాఫ్ట్ పొడవు లేదు, బోల్టు రంధ్రాల మధ్య దూరం లేదు, పక్కనించి ఇంకో ఫొటో అయినా లేదు.

రంగు మీద నా పేచీ పాతదే, అయినా ఇంకోసారి. ముందు వైరు బ్రష్షు, కిరోసిన్, ఆ తర్వాతే ఏదైనా. పోతపోసిన అంకెలు ఉబ్బెత్తుగా ఉంటాయి, సుద్దముక్క అడ్డంగా పెట్టి రుద్దితే తెల్లగా తేలతాయి. గుద్దిన అంకెలు లోపలికి ఉంటాయి, సుద్దపొడి నింపి పైపైన తుడవాలి. పది నిమిషాల పని. దానికి బదులు డబ్బా రంగు పూసేశారు. పూసింది ఎందుకు, అమ్మడానికేగా!

పోనీ నంబరు కనిపించినా ఏం ఒరుగుతుంది? కాస్టింగ్ నంబరు, అంటే పోతలో వచ్చే అంకెలు, ఆ ఇనప డొక్కువి, లోపలి సరుకువి కావు. షాఫ్ట్ మీద మరలా చుట్టుకున్న గేరు వార్మ్; చక్రం ఎన్ని డిగ్రీలు తిరిగితే బయటి ఆర్మ్ ఒక డిగ్రీ కదులుతుందో అది రేషియో. ఒకే హౌసింగ్‌లో, అదే ఆ డొక్కులో, ఒక రేషియో వార్మ్ కారుకీ, ఇంకో రేషియోది చిన్న లారీకీ వేసిన సందర్భాలున్నాయి. పాత బాక్సుల్లో చాలావరకు వార్మ్ షాఫ్టే నేరుగా స్టీరింగ్ చక్రం దాకా వెళ్తుంది కాబట్టి ఆ పొడవు కూడా ఒక గుర్తే. అదీ ఫొటోలో లేదు.

కవర్ విప్పితే సగం గొడవ తీరుతుంది. గాడి చెక్కిన క్యామ్, ఆ గాడిలో దిగిన మొనదేరిన పెగ్గులు ఉంటే రాస్ కంపెనీ తరహా. రెండో ప్రపంచయుద్ధకాలపు విల్లీస్ జీపులో ఉన్నది అదే, రెండు పెగ్గులది. నడుము సన్నగా ఉన్న వార్మ్, దానిమీద పళ్ళకు బదులు తిరిగే రోలర్ ఉంటే గెమ్మర్ కంపెనీది లాంటిది. వార్మ్ మీద దిమ్మలాంటి నట్టు, నట్టుకు ఒక పక్క పళ్ళు, ఇంకో పక్క బాల్స్ తిరిగొచ్చే గొట్టాలు ఉంటే రీసర్క్యులేటింగ్ బాల్. దాన్ని సాగినా కంపెనీ వాళ్ళు 1940 కాడిలాక్ కారుతో తెచ్చారు. మోడల్ టీ ఫోర్డ్‌లోనైతే కింద బాక్సే ఉండదు, గేర్లన్నీ స్టీరింగ్ చక్రం కిందనే. ఫ్రేము దగ్గర ఎంత వెతికినా దొరకదు.

విప్పకుండా కొంత తెలుసుకునే దారి రేషియో. ఒక చివరినుంచి ఇంకో చివరికి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, ఆ మేరకు బాక్సు బయట టైర్ల లింకుల్ని లాగే పిట్‌మన్ ఆర్మ్ ఎన్ని డిగ్రీలు కదిలిందో కొలవాలి. నాలుగు చుట్లంటే 1440 డిగ్రీలు. ఆర్మ్ 72 కదిలితే 20కి 1. ముందు ప్లే, అంటే ఉత్తగా ఊగే వదులు, తీసేసి లెక్క మొదలుపెట్టాలి, లేకపోతే అరిగిన బాక్సు లేని రేషియో చూపిస్తుంది. బాల్స్ రకాన్ని చివరికి కొట్టుకునేలా గిరగిరా తిప్పకూడదు, లోపలి గొట్టాలు సొట్టపోతాయి.

ఆర్మ్ ఊడదీసేముందు షాఫ్ట్‌కీ ఆర్మ్‌కీ కలిపి ఒక గీత. ఆర్మ్ కూర్చునే చోట షాఫ్ట్ మీది పళ్ళు స్ప్లైన్లు. కొన్నిటికి వెడల్పు స్ప్లైన్ ఉండి ఒక్క తీరుగానే కూర్చుంటుంది, కొన్నిటికి ఉండదు. 36 స్ప్లైన్లున్న షాఫ్ట్ మీద ఒక్క పన్ను తప్పితే ఆర్మ్ దగ్గర 10 డిగ్రీలు. 20 రేషియోలో చక్రం దగ్గర 200. బండి తిన్నగా పోతుంటే చక్రం తలకిందులుగా ఉంటుంది. అంతకన్నా ముఖ్యం, బాక్సు బిగువుగా ఉండే నడిమి స్థానం తిన్నని దారిలో పనికిరాకుండా పోతుంది.

తిరగేసిన బాక్సంటే ఒక లారీ సంగతి గుర్తొచ్చింది. ఎడమవైపు స్టీరింగున్న బండినుంచి తీసిన బాక్సును తిరగేసి కుడివైపు ఫ్రేముకు బిగించారు. రంధ్రాలు కలిశాయి, బోల్టులు దిగాయి, ఆర్మ్ కిందికి కూర్చుంది. చక్రం కుడికి తిప్పితే టైర్లు ఎడమకి! తిరగేసినప్పుడు వార్మ్‌కు కింద ఉన్న సెక్టర్, అంటే నట్టు పళ్ళతో కలిసి ఆర్మ్‌ను తిప్పే గేరు ముక్క, పైకొచ్చింది. నట్టు కదలిక మారలేదు, సెక్టర్ తిరిగే దిక్కు మారిపోయింది. ఆర్మ్‌ను పైకి పెడితే సరిపోయేదే, కానీ అక్కడ చోటేదీ? ఎదురుచుట్టు వార్మ్ దొరికితే తప్ప ఆ బాక్సు ఆ బండికి పనికిరాదు. అంతమంది చుట్టూ నిలబడి చూసినా ఒక్కరూ పట్టించుకోనిది ఆయిలు పోసే ప్లగ్గు. అది నేలవైపు చూస్తూ చుక్క చుక్కగా కారుతోంది. గ్రీజు కూరితే ఆగుతుందన్నారు. కారడం ఆగుతుంది, కానీ వార్మ్ దారి చేసుకున్నాక గ్రీజు వెనక్కి జారిరాదు. గేర్ ఆయిల్ అయితే జారి వస్తుంది.

ఇదంతా రాశాక నంబరును మరీ తీసిపారేశానేమో అనిపిస్తోంది. విప్పడానికి వీల్లేని బాక్సుకు ఆ అంకెలే దిక్కు. లోపల ఏ రేషియో ఉందో చెప్పవు గానీ ఎవరి పోతో, ఏ వరసదో తేలుతుంది. అక్కడినుంచి లోపల ఉండదగ్గవి రెండో మూడో. రంగు పూసినాయనకు పొద్దున ఇచ్చిన జవాబు కాస్త కటువుగానే పోయింది. సరే, పోయింది.

ఇప్పుడే ఫొటో పెద్దది చేసి మళ్ళీ చూశాను. పైభాగమంతా కనిపిస్తోంది, కవర్ బోల్టులు కూడా. ఆయిలు ప్లగ్గు మాత్రం ఎక్కడా లేదు. రంగు కింద దాక్కునేంత చిన్నదేం కాదది. బాక్సు బోర్లా పడి ఉందేమో. పొద్దున్నే తిరగేసి ఇంకో ఫొటో పెట్టమనాలి, షాఫ్ట్ కుడికి తిప్పితే ఆర్మ్ ఎటు పోతోందో కూడా చూసి చెప్పమనాలి.