పదమూడో ఎక్కం

నత్తికి మెదడులో ఉండే కారణాల మీద పన్నెండేళ్లుగా పరిశోధన చేస్తున్న నాకు, నా నాలుకే తడబడిన రోజున ఆ సంగతి వెంటనే తట్టలేదు. దసరా సెలవులకు హనుమకొండలో అమ్మ దగ్గర ఉన్నాను. పొద్దున ఏడింటికి కుడిచేతిలోంచి చాయ్ గ్లాసు జారిపడితే, రాత్రి ఆ చేతి మీద పడుకున్నాననుకుని మళ్లీ ముసుగుతన్ని మధ్యాహ్నం దాకా లేవలేదు. మెదడు రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపు ఇవ్వాలని విద్యార్థులకు ఏటా చెప్పే నేను, ఆ గడువును నిద్రలోనే పోగొట్టుకున్నాను.

ఎమ్మారైలో ఎడమవైపు, మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియా అనే భాగంలో పెసరగింజంత మచ్చ కనిపించింది. చెయ్యి వారంలో స్వాధీనంలోకి వచ్చింది గాని, మాటకు నత్తి మిగిలింది.

చిన్నప్పుడు మొదలయ్యే నత్తి పెద్దల్లో దాదాపు నూటికి ఒకరిలో ఉంటుంది. అది ఎక్కువగా పదం మొదటి అక్షరం దగ్గర పట్టేస్తుంది. పాట పాడినా, మరొకరితో గొంతు కలిపి చదివినా చాలామందిలో ఇట్టే సడలిపోతుంది. స్ట్రోక్ తర్వాత, అంటే నాకులా మెదడుకు రక్తం అందకపోయాక వచ్చే నత్తి పదం నడుమ కూడా అడ్డుపడవచ్చు, గొంతు కలిపినా తరచుగా లొంగదు. ఈ తేడాను నేను ఎన్నోసార్లు పాఠంగా చెప్పాను. అయినా బడిపంతులమ్మగా రిటైరైన అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, నా విషయంలో పుస్తకం తప్పవుతుందేమోనన్న ఆశతో పదమూడో ఎక్కం అందుకున్నాను. పదమూడు మూళ్లు ముప్పై తొమ్మిది దాకా ఇద్దరం కలిసే వెళ్లాం. పదమూడు నాలుగులు దగ్గర "యా" వచ్చింది, "భై" రాలేదు. పెదవులు మూసుకుని ఉండిపోయాయి. అమ్మ కూడా అక్కడే ఆగి, నా నోటి వైపు కాక కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. చూడడానికి వచ్చిన చుట్టాలు మాత్రం నా మాటలను వాళ్లే పూర్తి చేసేవారు, అదీ చాలాసార్లు తప్పుగా. కాజీపేట నుంచి వచ్చిన మేనత్త, పసిపిల్లలకు పోసినట్టు తేనెలో వస అరగదీసి తెచ్చింది. డాక్టరును అడగకుండా మింగలేనని కాగితం మీద రాసి చూపించాను.

స్పీచ్ థెరపిస్టు చెప్పించిన సాధన చాలా సాదా అయినది. ఒక్కో అక్షరానికి ఒక్కో వేలు దెబ్బ. మాట ఎప్పుడు మొదలవ్వాలో లోపలి నుంచి సైగ అందించడంలో బేసల్ గాంగ్లియాకు పాత్ర ఉందని మా రంగంలో చాలామంది భావిస్తారు; ఆ సైగను వేలు బయటి నుంచి ఇస్తుందన్నమాట. నేను స్టీలు పళ్లెం అంచు మీద కొట్టేవాణ్ని. రోజుకు రెండుపూటలా, అరగంట చొప్పున, నాలుగు నెలలు ఆ పళ్లెం మోత ఇరుగుపొరుగు వాళ్లు ఎలా భరించారో తెలియదు.

శివరాత్రి ముందు ఒక సాయంత్రం, పళ్లెం లేకుండా, వేలిని తొడ మీద మెల్లగా ఆడిస్తూ, పదమూడు పదులు నూట ముప్పై దాకా వెళ్లాను. "యాభై" దగ్గర ఒక్కసారి ఆగాను. అమ్మ బియ్యంలో రాళ్లేరుతూ తల ఎత్తకుండానే అన్నది, "ఇగ పద్నాలుగోది అందుకో బిడ్డా."