పాత చేతి డ్రిల్లు: చక్రం, పినియన్, మూడు దవడలు

పాత చేతి డ్రిల్లు దొరికినప్పుడు నేను ముందుగా చూసేది దాని రంగునో, దాని మీది కంపెనీ పేరునో కాదు. పెద్ద చక్రాన్ని నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పి, పళ్లు ఎక్కడైనా తడబడుతున్నాయేమోనని చెవి దగ్గర పెట్టుకుని వింటాను. చక్రానికి 60 పళ్లు, దాని పళ్లతో కలిసి తిరిగే చిన్న చక్రమైన పినియన్‌కు 15 ఉన్నాయనుకుంటే, చుట్టుకు ఒక్కసారి మాత్రమే టక్కుమంటే విరిగిన పన్ను చక్రానిది, నాలుగుసార్లు టక్కుమంటే పినియన్‌ది. పిడి చీలితే అతికించుకోవచ్చు, తుప్పును వదిలించవచ్చు, కానీ పోత ఇనుప చక్రానికి ఊడిన పన్నును తిరిగి మొలిపించడం ఇంట్లో అయ్యే పని కాదు.

మంచి రకం డ్రిల్లుల్లో చక్రానికి రెండు పక్కలా రెండు పినియన్లు ఉంటాయి. రంధ్రం చేసే బిట్టును తిప్పేది వాటిలో ఒకటే కాబట్టి రెండోది అలంకారమని మొదట్లో నేను పొరబడ్డాను. ఒకే పినియన్ ఉంటే, గట్టిగా నొక్కి తిప్పినప్పుడు చక్రం దాని నుంచి పక్కకు ఒరిగి పళ్లు జారడానికి వీలుంటుంది. రెండో పినియన్ అవతలి వైపు నుంచి చక్రాన్ని ఆనుకుని ఆ ఒరుగుదలను ఆపుతుంది. ఈ సంగతి తెలిశాక ఒంటి పినియన్ డ్రిల్లుల మీద నాకున్న మోజు చాలావరకు తగ్గింది.

సేకరించేవారి నోట తరచుగా వినబడేవి అమెరికా తయారీలే. మసాచుసెట్స్‌కు చెందిన మిల్లర్స్ ఫాల్స్ కంపెనీ చేసిన 2వ నంబరు డ్రిల్లుకు ఉన్న పేరు మరి దేనికీ లేదు. అదే రాష్ట్రంలోని గుడెల్ ప్రాట్‌ను ఆ కంపెనీ 1931లో తనలో కలుపుకుంది. ఫిలడెల్ఫియాకు చెందిన నార్త్ బ్రదర్స్ యాంకీ పేరుతో చేసిన 1530 నంబరు డ్రిల్లు మాత్రం నా దృష్టిలో వీటన్నిటికంటే తెలివైనది. అందులో తిరిగే దిక్కును అదుపు చేసే రాచెట్‌ను ఒక స్థానంలో పెడితే, హ్యాండిల్‌ను ముందుకు తిప్పినా వెనక్కు తిప్పినా బిట్టు ఒకే దిక్కుకు తిరుగుతుంది. పూర్తి చుట్టు తిప్పడానికి చోటులేని మూలల్లో దాని విలువ తెలుస్తుంది. 1946లో ఆ సంస్థ స్టాన్లీ చేతికి వెళ్లింది. పిస్టల్ ఆకారపు పిడి, వేలితో నొక్కే స్విచ్ ఉన్న విద్యుత్ డ్రిల్లుకు బ్లాక్ అండ్ డెకర్ 1917లోనే పేటెంట్ పొందినప్పటికీ, చేతి డ్రిల్లు ఆ తరువాత కూడా దశాబ్దాల పాటు అమ్ముడుపోయింది.

డ్రిల్లుల్లో ఎక్కువగా పాడయ్యేది బిట్టును బిగించి పట్టే చక్. దాని తొడుగును విప్పితే లోపల మూడు దవడలు, వాటిని ఎడంగా ఉంచే సన్నని స్ప్రింగులు కనిపిస్తాయి. వెనకటి యజమాని ఎప్పుడో విప్పి, ఎగిరిపోయిన స్ప్రింగును వెతకలేక అలాగే బిగించేసిన చక్‌లు నాకు చాలా తగిలాయి. అటువంటి చక్‌లో దవడలు ఒకదానిమీదకు ఒకటి వాలిపోయి బిట్టును వంకరగా పట్టుకుంటాయి. అందుకే నేను చక్‌ను పెద్ద పళ్లెంలో తెల్లని గుడ్డ పరచి, దాని మీదే విప్పుతాను. అయినా ఒక స్ప్రింగు బల్లకింద ఎక్కడో ఇప్పటికీ ఉంది.

శుభ్రం చేయడంలో నేను చేసిన పెద్ద తప్పు వెనిగర్‌ది. తుప్పు పూర్తిగా పోవాలన్న ఆత్రంలో ఒక చక్ తొడుగును రెండు రోజులు అందులో నానబెట్టాను. తుప్పు పోయింది, దానితోపాటు దాని మీద సన్నగా అచ్చు వేసిన పేటెంట్ తేదీ కూడా చదవడానికి వీల్లేకుండా పోయింది, మిగిలిన ఉక్కు బూడిదరంగుకు తిరిగింది. అప్పటినుంచి కిరసనాయిలు, సన్నని ఉక్కుపీచు, కొంత ఓపిక తప్ప మరేమీ వాడటం లేదు. చక్రం మీద అక్కడక్కడా మిగిలిన పాత ఎరుపు రంగును గీకి కొత్త రంగు వేయడానికి కూడా నా మనసు ఒప్పదు; మెరిసిపోయేలా మళ్లీ రంగు వేసిన డ్రిల్లు నా అరలోకి రాదు.

కొన్నిటి పిడి బోలుగా ఉండి, మూత తిప్పితే లోపల బిట్లు దాచుకునే చోటు ఉంటుంది. ఒకదాని మూత ఎన్నాళ్లుగానో బిగుసుకుపోయి ఉంటే, రబ్బరు ముక్కతో పట్టి తిప్పాను. లోపల నాలుగు బిట్లు ఉన్నాయి. వాటిలో ఒకటి సగానికి విరిగితే, ఎవరో దాని కొసను మళ్లీ సానపట్టి వాడుకున్నారు. ఆ రెండు అంచుల వాలు సరిసమానంగా లేకపోయినా, దాన్ని చక్‌లో బిగించి మెత్తటి కర్రలో ఒక రంధ్రం వేస్తే, కాస్త పెద్దదిగానే అయినా, శుభ్రంగానే పడింది.