మిర్రర్‌లెస్ కెమెరాపై రేంజ్‌ఫైండర్ లెన్సు

పాత రేంజ్‌ఫైండర్ కెమెరాల (లెన్సులోంచి కాక వేరే కిటికీలోంచి చూసి ఫోకస్ చేసేవాటి) లెన్సులు నేటి చిన్న మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలకు చక్కగా అమరడానికి కారణం కొన్ని మిల్లీమీటర్ల ఖాళీయే. 1954లో వచ్చిన లైకా ఎమ్ మౌంట్‌లో (కెమెరాకు లెన్సును బిగించే అమరికలో) లెన్సు ఆనే అంచు నుంచి ఫిల్ముకు దూరం 27.8 మిల్లీమీటర్లు, సోనీ ఇ మౌంట్‌లో సెన్సరుకు (ఫిల్ముకు బదులు బొమ్మను పట్టే చిప్‌కు) ఆ దూరం 18 మాత్రమే కాబట్టి, మిగిలిన 9.8 మిల్లీమీటర్లను గాజు లేని ఒక లోహపు అడాప్టర్ పూరిస్తుంది.

నేను ఎక్కువగా వాడేది సోవియట్ కాలపు జూపిటర్-8, 50 మిల్లీమీటర్ల లెన్సు. విశాఖ ఫిషింగ్ హార్బరులో తెల్లవారుజామున వేలం జరిగేటప్పుడు ఎఫ్/2 వద్ద, అంటే లెన్సు రంధ్రాన్ని పూర్తిగా తెరిచి ఉంచి, తెరపై బొమ్మను పెద్దది చేసుకుని ఫోకస్ రింగును నెమ్మదిగా తిప్పితే, వంజరం కంటి చుట్టూ ఉన్న తడి మెరుపు ఒక్కసారిగా స్పష్టమవుతుంది. ఆ నిదానమే నాకు ఈ లెన్సుపై ఇష్టం పెంచింది. మీటరు కంటే దగ్గరి వస్తువులపై మాత్రం ఇది ఫోకస్ కాదు.

వైడ్ యాంగిల్ (ఎక్కువ వెడల్పు దృశ్యాన్ని పట్టే) లెన్సుల విషయం వేరు. వాటిలో చాలావాటి వెనుక గాజు సెన్సరుకు మరీ దగ్గరగా ఉండటం వల్ల, ఏటవాలుగా వచ్చే కాంతి సెన్సరుపైనున్న మందపాటి గాజుపొరలో దారి తప్పి, అంచులు అలికినట్లవుతాయి, ఒక్కోసారి ఊదారంగు కమ్ముతుంది. అందుకే మొదటిసారి కొనేవారికి 50 మిల్లీమీటర్లే మేలని నా అభిప్రాయం.

మన సముద్రపు తేమకు లెన్సులో ఫంగస్ త్వరగా పడుతుంది కనుక, వాడనప్పుడు సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో ఉంచాలి.