రోజుకు ఐదు బిట్లు

హైదరాబాద్‌లో అశోక్‌నగర్ రూముల్లో, చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్-2కి చదువుతున్న మిత్రులకు. ‘రేపు పొద్దున పాలిటీ మొత్తం రివిజన్’ అని రాసుకుని పడుకుంటే, తెల్లారాక ఎక్కడ మొదలుపెట్టాలో తోచక చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. టార్గెట్ ఎంత పెద్దదైతే వాయిదా అంత సులువు. అందుకే రోజు మొదటి పని ఐదు బిట్లే పెట్టుకోండి. గ్రూప్-2లో ఒక్కో పేపర్‌కు 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. ఆ లెక్కన ఐదు బిట్లకు ఐదు నిమిషాలు, జ్వరం వచ్చిన రోజు కూడా కుదురుతుంది.

‘ఆరింటికి’ అని టైమ్ పెట్టుకోకండి. నీళ్లు ఆలస్యమైతే, మెస్‌లో క్యూ ఉంటే ఆరు జారిపోతుంది, దాంతోపాటు ఆ రోజూ పోతుంది. టీ గ్లాసు కింద పెట్టగానే అని పెట్టుకోండి. రాత్రే పుస్తకం ఆ ఐదు బిట్లున్న పేజీ దగ్గర తెరిచి, మీద పెన్సిల్ ఉంచాలి. ఫోన్ బ్యాగులో ఉండాలి. అసలు సగం పని రాత్రే అయిపోతుంది.

తప్పు పోయిన బిట్‌కు ఒక్క లైన్ రాయండి: ‘రాజ్యాంగంలో 371-డి చేర్చింది 32వ సవరణ, 1973; ఆస్తి హక్కు తీసేసింది 44వది, 1978’. దేన్ని దేనితో కలిపేశారో అందులో కనబడాలి. జవాబు మాత్రమే రాస్తే అదే తప్పు మళ్లీ వస్తుంది.

బిట్లు వద్దనుకుంటే రోజుకో రాజ్యాంగ ఆర్టికల్. ప్రాథమిక హక్కులు 12 నుంచి 35 దాకా. 31 ఇప్పుడు లేదు కాబట్టి 23 రోజులు. 21-ఏను 21తోనే చదివేయండి.

ఎక్కువమంది దెబ్బతినేది నాలుగో రోజు. తేలిగ్గా ఉందని యాభైకి పెంచుతారు, వారం తిరక్కుండానే మానేస్తారు. ఇంకా చదవాలనిపిస్తే హాయిగా చదవండి, కానీ క్యాలెండర్‌లో టిక్ ఐదుకే. ఒక రోజు తప్పితే మర్నాడు పది చేయొద్దు. బాకీ పెరిగితే పుస్తకం చూడాలంటేనే భయమేస్తుంది.

ఐదు బిట్లతో ఉద్యోగం రాదు, నిజమే. అవి కూర్చోబెట్టడానికే. 150 నిమిషాల పూర్తి టెస్ట్ వారానికొకటి విడిగా రాయాల్సిందే. ఊరెళ్లే రోజు మాత్రం ఐదు బిట్లున్న కాగితం మడిచి జేబులో పెట్టుకోండి. జూబ్లీ బస్ స్టేషన్‌లో బస్సు కదిలేలోపు అయిపోతాయి.