ఇంటూ ఇరవై

"నాన్నా, మనం రూపాయలు ఇవ్వట్లేదు కదా" అంది మా అమ్మాయి, బేకరీ కౌంటర్ దగ్గర. గులాబీ జామ్ కుక్కిన పోలిష్ డోనట్, "పోంచ్‌కి", ఒక్కటీ నూట ఇరవయ్యా అని నేను నసుగుతున్నాను మరి. తెలుగులో అంది కాబట్టి పరువు దక్కింది.

పోలండ్ రాజధాని వార్సాలో ఇన్నేళ్ళున్నా ఇక్కడి డబ్బు జ్వోటీని రూపాయల్లోకి మార్చందే నాకు చెయ్యి ఆడదు. 2022లో పదిహేడుతోనో పద్దెనిమిదితోనో హెచ్చవేసేవాణ్ణి, ఇప్పుడు రేటు ఇరవై దాటింది. ఇక్కడ ధర పెరగని వస్తువు కూడా నా లెక్కలో ప్రియమైపోతోంది. ఇంటికి డబ్బు పంపే రోజు మాత్రం అదే రేటు చూసి మురిసిపోతాను. మా అమ్మాయి బొమ్మలకు రూపాయల లెక్క, నా కాఫీకి జ్వోటీల లెక్క. పిల్లలకు డబ్బు విలువ తెలియాలంటే ఇలాగే చెప్పాలని కొత్తగా వచ్చినవాళ్ళకు సలహాలొకటి!

కింది ఫ్లాట్ పెద్దావిడ ఒకరోజు దానికి పాత నోటు చూపించారు. కమ్యూనిస్టుల కాలం నాటి వెయ్యి జ్వోటీలు, మీద ఖగోళ శాస్త్రవేత్త కోపర్నికస్ బొమ్మ. (ఆయన సూర్యుడి గురించే కాదు, నాణేల విలువ పడిపోవడం గురించి కూడా రాశాడు.) 1989, 90లలో ధరలు మండిపోయి, 1992కల్లా ఇరవై లక్షల నోటు కూడా వచ్చింది. 1995 జనవరి 1న నాలుగు సున్నాలు కొట్టేశారు. పాత పది వేలకు కొత్తది ఒకటి. అంటే ఆ వెయ్యి నోటుకు దక్కింది పది గ్రోషులు, జ్వోటీలో పదో వంతు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆవిడ ఇళ్ళ ధరలు పాత జ్వోటీల్లో, కోట్లలోనే చెప్పేవారట. "అమ్మా, మళ్ళీ మొదలెట్టావా" అని కూతురు విసుక్కునేదట. మా అమ్మాయి నావైపు చూసింది.

వేసవిలో హైదరాబాద్‌లో ఆటో అతనితో ఇరవై రూపాయల కోసం బేరమాడుతుంటే, "ఒక్క జ్వోటీ కూడా కాదు, ఇచ్చెయ్ నాన్నా" అంది. ఇక్కడి లెక్క ఇక్కడే అని కసిరాను. మరి వార్సాలోనో అంది. ఇచ్చేశాను. దీనికి డబ్బంటే లెక్కలేకుండా పోతోందేమోనని టెన్షన్ మాత్రం పోలేదు.

మొన్న దాని పాకెట్ మనీ వారానికి ఇరవై జ్వోటీలని తెలిసి మా నాన్న ఫోన్లో, "చంటిదానికి నాలుగొందల పైనా!" అన్నారు.

"ఇక్కడ అదేం పెద్ద డబ్బు కాదు నాన్నా" అన్నాను.