రేకుల కుండలు పగలగొట్టిన పిల్ల

మన హైస్కూలు బ్యాచ్ కలయిక కదా, బడి దగ్గరే మొదలుపెడతాను. మన హైస్కూలు వెనక గేటు దాటితే కాలవ గట్టు, గట్టు దిగితే కుమ్మరి తాతయ్య ఇల్లు. మధ్యాహ్నం సోషల్ క్లాసు ఎగ్గొట్టి నేను ఎక్కడ ఉండేదాన్నో మీలో కొందరికి తెలుసు, మాస్టారికి చెప్పనందుకు ఇప్పుడైనా థాంక్స్.

వేసవిలో కాలవ కట్టేశాక మీరంతా గుంటల్లో చేపలు పట్టేవాళ్లు, నేను అడుగున బంకమట్టి తవ్వి ఏనుగులు చేసేదాన్ని. ఏడో తరగతిలో ఒక పెద్ద ఏనుగుని లోపల తొలవకుండా గట్టి ముద్దగా చేసి, సరిగ్గా ఆరకుండానే, తాతయ్య చూడకుండా ఆయన కుండలు కాల్చే ఆవంలో కుండల మధ్య దూర్చేశాను. అది పేలిపోయింది. పోతూ పోతూ పక్కనున్న మూడు రేకుల కుండల్ని కూడా తీసుకుపోయింది. పూతరేకులు తీసే కుండంటే మామూలు కుండ కాదు కదా, బోర్లిస్తే వీపు అద్దంలా నున్నగా ఉండాలి, పక్కన మంట పెట్టడానికి నోరు ఉండాలి, కాస్త గరుకు తగిలినా రేకు చిరుగుతుంది. అవి ఆత్రేయపురం వాళ్లు చెప్పి చేయించుకున్నవి! తిడతాడనుకుంటే తాతయ్య, "లోపల తడుంటే మంట ఊరుకోదు పిల్లా, లావుగా చేస్తే లోపల తొలిచెయ్యాలి" అన్నాడు. అని, వారం రోజులు గడ్డి మోయించాడు.

తర్వాత డిగ్రీ, ఇంట్లో బీఈడీ గొడవ, అవన్నీ వదిలేద్దాం.

అమెరికా నుంచి వచ్చిన కుండల కళాకారులు రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టిన పాండిచ్చేరిలో ఇప్పుడు చాలా స్టూడియోలున్నాయి, వాటిలో ఒకదానిలో పనికి చేరాను. మన మట్టి ఒక సంచి మోసుకెళ్లి, గొప్పగా కప్పు చేసి, 1240 డిగ్రీల కొలిమిలో పెట్టాను. ఊరి ఆవం వెయ్యి డిగ్రీలు కూడా దాటదు, మన గోదావరి మట్టి నిండా ఇనుము, అంత వేడికి ఆగుతుందా? కరిగి కొలిమి లోపలి అరకి అతుక్కుపోయింది. పక్కవాళ్ల గిన్నెలు రెండు నావల్ల పోయాయి, మళ్లీ!

ఉలితో ఆ అర గీకుతుంటే చూశాను, కరిగిన చోట ముదురు బెల్లం పాకంలా మెరుస్తోంది. గ్లేజు అంటే మరేమీ కాదు, కరిగి గాజైన పూతే. అయితే మన మట్టినే గ్లేజుగా వాడొచ్చు కదా అని, దాన్ని నీళ్లలో కలిపి గుడ్డలో వడకట్టి, వేడికి ఆగే వేరే మట్టితో చేసిన కప్పు మీద పూశాను. ఒకసారి కాల్చిన కప్పు మీదైతే పొట్టులా రాలిపోయింది, సగం ఆరిన పచ్చి కప్పు మీదైతే నిలిచింది. ఈ రెండు ముక్కలు తెలియడానికి ఏడాది పట్టింది నాకు.

ఇప్పుడు స్టూడియో మన ఊళ్లోనే. కాలవ కట్టేసినప్పుడల్లా బకెట్టు పట్టుకుని దిగుతాను, గట్టు మీద పిల్లలు నవ్వుతారు. కలయికకి వచ్చేవాళ్లకి తలా ఒక కప్పు అనుకున్నాను, నలభై చేస్తే మొన్న కొలిమిలో కాల్చినప్పుడు ఏడు చిట్లాయి. ముందొచ్చినవాళ్లకే!