పదో తరగతి, రాత్రి ఫోను
మా అమ్మాయి పదో తరగతి. ట్యూషన్ నోట్సు వాట్సాప్‌లో రాత్రి పదింటికి వస్తాయి. అవి చదివి పడుకున్నా నిద్ర పట్టదు, అటూ ఇటూ దొర్లుతుంది. పొద్దున లేపితే పీక్కుపోయిన ముఖం. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

కంటి రెటీనాలో నీలి కాంతిని పసిగట్టే కణాలున్నాయి. రాత్రిపూట ఫోను తెర నుంచి వాటిమీద ఆ వెలుగు పడితే మెదడు ఇంకా పగలే అనుకుని, ఒంటిని నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోనును ఆలస్యం చేస్తుంది. బోస్టన్‌లో 12 మందిపై చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, పడుకునే ముందు అచ్చు పుస్తకం చదివినప్పటికంటే ఐప్యాడ్‌లో చదివినప్పుడు ఆ హార్మోను దాదాపు గంటన్నర వెనకబడింది. పరీక్షల భయం మరోవైపు ఉండనే ఉంది, అన్నీ ఫోను మీదకే నెట్టను.

కానీ నోట్సు సాయంత్రమే పంపితే ప్రింటు తీయించి ఇవ్వగలం కదా! మాస్టారిని అడిగాను, కుదరదన్నారు. ఈసారి మిగతా తల్లిదండ్రులతో కలిసి వెళ్తున్నాను.